అలిపిరి క్యూలో ఊగే ఇంజన్: పాత కారు ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పే ముందు, విప్పాక

అలిపిరి టోల్‌గేటు దగ్గర కార్ల వరుస మెల్లగా కదులుతూ ఉంటుంది. ఆ వరుసలో ఇరవై ఏళ్లు దాటిన ఎస్టీమో, జెన్నో, పాత సాంట్రోనో ఉంటే ఒక్కోసారి దాని చప్పుడు వేరుగా వినిపిస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా రేసింగ్, అంటే ఇంజన్ తిరిగే వేగం, పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. తనిఖీ అయిపోయి ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టగానే బండి బుద్ధిగా లాగుతుంది. "కొండ ఎక్కేటప్పుడు బాగానే ఉంది కదా, పెట్రోల్‌లో ఏదో తేడా అయ్యుంటుంది" అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. కానీ జబ్బు ఆనవాలు అక్కడే ఉంది. నిలబడితే ఊగి, ఎత్తు ఎక్కేటప్పుడు సర్దుకునే ఇంజన్‌లో మొదట అనుమానించాల్సింది ఇన్‌టేక్ మానిఫోల్డ్ చుట్టూ ఎక్కడో దూరుతున్న దొంగగాలిని.

ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ బాడీ దాకా వచ్చిన గాలిని ఒక్కో సిలిండర్‌కు పంచే గొట్టాల గుంపే మానిఫోల్డ్. యాక్సిలరేటర్ వదిలేస్తే థ్రాటిల్ తలుపు దాదాపు మూసుకుంటుంది. పిస్టన్లు మాత్రం గాలిని లాగుతూనే ఉంటాయి. అందుకే మానిఫోల్డ్ లోపల ఒత్తిడి బాగా పడిపోతుంది. బయట గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర 101 కిలోపాస్కల్ ఉంటే, వేడెక్కిన మంచి ఇంజన్ నిలకడగా తిరుగుతున్నప్పుడు మానిఫోల్డ్ లోపల 30, 40 మధ్యే ఉంటుంది. ఇంత తేడా ఉన్నప్పుడు మానిఫోల్డ్‌కూ ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే ప్యాకింగ్‌లో వెంట్రుక వాసి సందు ఉన్నా బయటి గాలి తోసుకుని లోపలికి వస్తుంది. అదే కారు కొండ ఎక్కుతున్నప్పుడు థ్రాటిల్ బాగా తెరుచుకుని ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికి దగ్గరగా వచ్చేస్తుంది. సందు అక్కడే ఉన్నా దాంట్లోంచి గాలిని తోసే బలం ఉండదు. కొండ ఎక్కడానికి బండి ఇబ్బంది పడటం లేదంటే లీక్ లేదని అర్థం కాదు.

ఇక ఊగడం ఎందుకు? ఒక్కో సిలిండర్‌కు ఇంజెక్టర్‌తో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్ఐ రకం పాత మారుతి బళ్లు చాలావాటిలో వచ్చిన గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉండదు. మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని చూసి గాలి ఎంత వచ్చిందో కంప్యూటర్ లెక్క వేసుకుంటుంది. ఆ పని చేసేదే మ్యాప్ సెన్సర్. దొంగగాలి దూరితే ఒత్తిడి పెరుగుతుంది, కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోల్ పెంచుతుంది, రేసింగ్ పెరుగుతుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇంజన్‌కు గాలి అందించే ఐడిల్ వాల్వును మూసి దాన్ని తగ్గించాలని కంప్యూటర్ చూస్తుంది. అది పూర్తిగా మూసుకున్నా రేసింగ్ దిగకపోతే, థ్రాటిల్ మూసి ఉండి ఇంజన్ వేగంగా తిరుగుతోంది కాబట్టి బండి దిగుడులో ఉందనుకుని పెట్రోల్ ఆపేస్తుంది. రేసింగ్ పడిపోతుంది. పడగానే మళ్లీ పెట్రోల్ వదులుతుంది, మళ్లీ పెరుగుతుంది. క్యూలో వినిపించే ఆ ఊయల ఇదే. గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో కథ వేరు. దొంగగాలి లెక్కలోకి రాదు కాబట్టి పెట్రోల్ చాలక ఇంజన్ వణుకుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఏ రకం కారైనా సరే, లీక్ ఒక్క సిలిండర్ గొట్టం దగ్గరే ఉంటే ఆ ఒక్క సిలిండర్‌లో మిస్సింగ్ వస్తుంది, అంటే పెట్రోల్ సరిగ్గా మండదు. కొత్త ప్లగ్గులు, కొత్త వైర్లు వేసినా పోని మిస్సింగ్‌కు ఇదొక పెద్ద కారణం.

ఎత్తు వల్ల వచ్చిన తేడా అనే మాట కూడా వినిపిస్తుంది. తిరుమల తిరుపతి కంటే దాదాపు 700 మీటర్లు ఎత్తు, గాలి ఒత్తిడి ఏడెనిమిది శాతం తక్కువ. ఇంజెక్టర్లు లేకుండా కార్బురేటర్‌తో గాలిలో పెట్రోల్ కలిపే పాత బళ్ల కాలంలో ఆ మాటకు కొంత బలం ఉండేది. ఎంపీఎఫ్ఐ బండి ఆ తేడాను తనే సరిచూసుకుంటుంది. కొండ మీదకు పోగానే ఐడ్లింగ్ (నిలబడి ఉన్నప్పటి ఇంజన్ నడక) చెడిందంటే నెపం కొండ మీద వేయకూడదు.

ఈ బళ్ల వయసు కూడా చూడాలి. సుప్రీంకోర్టు 1999లో ఇచ్చిన ఆదేశంతో ఢిల్లీ ప్రాంతంలో 2000 ఏప్రిల్ నుంచి యూరో 2 పొగ ప్రమాణాలు వచ్చాయి. కార్బురేటర్‌తో వాటిని అందుకోవడం కష్టం కాబట్టి కంపెనీలు ఎంపీఎఫ్ఐ వైపు తిరిగాయి. దేశమంతటా వాటి భారతీయ రూపం భారత్ స్టేజ్ 2 వచ్చింది 2005 ఏప్రిల్‌లో. అంటే ఏపీ 03 నంబరుతో చిత్తూరు, తిరుపతి, పుత్తూరు వీధుల్లో ఇప్పటికీ తిరుగుతున్న తొలి ఎంపీఎఫ్ఐ కార్లన్నీ రెండు దశాబ్దాలు దాటినవే. కారులోనే తప్పును కనిపెట్టే ఓబీడీ వ్యవస్థ మన దేశంలో తప్పనిసరి అయింది 2010 నుంచే. కాబట్టి ఈ బళ్లకు స్కానర్ తగిలించి జబ్బు పేరు చదివేయడం అన్నిసార్లూ కుదరదు. చెవి, చెయ్యి, ఓపిక కావాలి.

మానిఫోల్డ్ మీద చెయ్యి వేసే ముందు అది విప్పాల్సిన అవసరం ఉందని రుజువు చేసుకోవాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా పానా పట్టుకునే అలవాటు చాలా షెడ్లలో ఉంది, దాని ఖర్చు బండి యజమాని మీద పడుతుంది. మానిఫోల్డ్‌కు తగులుకుని ఉన్న చిన్న పైపులు ఎన్నో ఉంటాయి: బ్రేక్ బూస్టర్ పైపు, ఇంజన్ లోపలి ఆవిరిని లాగే పీసీవీ పైపు, పెట్రోల్ ట్యాంకు ఆవిరి పైపు, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ పైపు, మ్యాప్ సెన్సర్ పైపు. వాడని మూతికి పెట్టిన పది, ఇరవై రూపాయల రబ్బరు టోపీ పగిలినా ఇంజన్ ఇలాగే ఊగుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఈ పైపులను ఒక్కొక్కటే వేళ్లతో గట్టిగా నొక్కి చూడాలి. ఏది నొక్కినప్పుడు రేసింగ్ మారితే అనుమానం దాని మీదే. తర్వాత స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసి, మానిఫోల్డ్ హెడ్‌కు కలిసే గీత వెంట కొంచెం కొంచెంగా చిమ్మాలి, కరెంటు కప్లర్ల మీద, ప్లగ్ వైర్ల మీద పడకుండా. నీళ్లు సందును మూసిన ఆ క్షణం ఇంజన్ చప్పుడు మారుతుంది. కార్బ్ క్లీనర్ చిమ్మి చూసే పద్ధతి కూడా ఉంది కానీ, వేడెక్కిన ఇంజన్ మీద మండే ద్రవం చిమ్మడం మంచి అలవాటు కాదు. నీళ్లతో తేలేదానికి నిప్పుతో చెలగాటం ఎందుకు?

రుజువు ప్యాకింగ్ దగ్గరే తేలితే, లేదా మానిఫోల్డ్ కింద నుంచి కూలెంట్ కారుతుంటే, విప్పక తప్పదు.

కూలెంట్ మాట ఎందుకంటే, చాలా పాత ఇంజన్లలో మానిఫోల్డ్ గుండా నీళ్లు కూడా పోతాయి. ఎస్టీమ్‌లాంటి సుజుకి జి సిరీస్ ఇంజన్లలో ఇంజన్ వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్ కూర్చునేదే మానిఫోల్డ్‌లో. మన ప్రాంతానికి ప్రత్యేకమైన కష్టం ఇక్కడ మొదలవుతుంది. చిత్తూరు జిల్లాలో బోర్లు ఎంత లోతుకు పోయాయో అందరికీ తెలుసు. ఆ నీళ్లు కాచిన గిన్నెల అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో ప్రతి ఇంట్లో చూసిందే. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గినప్పుడల్లా అవే నీళ్లు పోస్తే అదే పొర మానిఫోల్డ్ లోపల కూడా కడుతుంది. పైగా కూలెంట్‌లో ఉండే తుప్పు నిరోధకం పలచబడి, అల్యూమినియాన్ని నీళ్లు తినేస్తాయి. మానిఫోల్డ్ విప్పి చూస్తే నీటి రంధ్రం చుట్టూ అంచు ఎలుక కొరికినట్టు గుంటలు పడి ఉంటుంది. కొత్త ప్యాకింగ్ ఆ గుంటల మీద సరిగ్గా ఆనదు. లీటరు కూలెంట్‌కు పెట్టే డబ్బు దగ్గర పొదుపు చేసి, తర్వాత మానిఫోల్డ్‌కే ఎసరు తెచ్చుకోవడం ఇక్కడ మామూలైపోయింది. ఇది మారాలి. కూలెంట్ కలపడానికి డిస్టిల్డ్ వాటర్ ఏ బ్యాటరీ షాపులోనైనా దొరుకుతుంది.

పని ఎప్పుడూ చల్లటి ఇంజన్ మీదే మొదలుపెట్టాలి, మధ్యాహ్నం నడిపిన బండి మీద సాయంత్రం కాదు. రాత్రంతా నిలిపి ఉంచిన బండి మీద పొద్దున్నే చేస్తే అన్ని విధాలా మేలు. వేడి అల్యూమినియం నుంచి స్టడ్‌ను (నట్టు ఎక్కే మర కడ్డీని) బలవంతంగా తిప్పితే మర ఊడి వచ్చేస్తుంది, వేడి కూలెంట్ ఒంటి మీద పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం పెట్రోల్. ఎంపీఎఫ్ఐ బళ్లలో ఇంజన్ ఆపిన తర్వాత కూడా ఇంజెక్టర్ల రెయిల్‌లో ప్రెషర్ నిలిచి ఉంటుంది. చాలా కార్లలో అది 2.5 నుంచి 3.5 బార్ దాకా ఉంటుంది, అంటే కారు టైరులో గాలికి మించిన ఒత్తిడి. ఆ పైపు అలాగే లాగితే పెట్రోల్ కళ్లలోకి చిమ్ముతుంది. ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు గానీ రిలే గానీ తీసి ఇంజన్ స్టార్ట్ చేయాలి. ఉన్న పెట్రోల్ తాగి దానంతటదే ఆగిపోతుంది. మరో రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. అయినా పైపు విప్పేటప్పుడు గుడ్డ చుట్టే విప్పాలి. ఆ చుట్టుపక్కల బీడీ, అగరుబత్తి, వెల్డింగ్ ఏదీ ఉండకూడదు. షెడ్డులో దేవుడి పటం ముందు వెలిగే దీపాన్ని కూడా ఆ గంటసేపు ఆర్పాల్సిందే, దేవుడేమీ అనుకోడు. తర్వాత రేడియేటర్ కింద టబ్బు పెట్టి కూలెంట్ వంపాలి. అది తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, విషం. కాలువలో పారబోయకూడదు.

మానిఫోల్డ్ పనిలో పొద్దంతా తినేది బోల్టులు కాదు, రబ్బరు, ప్లాస్టిక్. ఇరవై వేసవులు చూసిన రబ్బరు పైపు బయటికి నల్లగా బాగానే కనిపిస్తుంది, వంచితే అప్పడంలా విరుగుతుంది. అలాంటి పైపును మూతి నుంచి లాగకూడదు. బ్లేడుతో పొడుగునా కోసి తీసేసి కొత్తది వేయాలి. పాతది కాపాడాలని గట్టిగా మెలితిప్పితే కింద ఉన్న ఇత్తడి మూతో, ప్లాస్టిక్ మూతో ఊడి చేతికి వస్తుంది. ఇంజెక్టర్ కప్లర్ల లాక్ కూడా అంతే, గోటితో మెల్లగా ఎత్తాలి. పెట్రోల్ పైపుల విషయంలో ఇంకో మాట. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకుల్లోకి రావడం మొదలైంది. 2000 నాటి రబ్బరు దాన్ని ఉద్దేశించి చేసింది కాదు. మానిఫోల్డ్ ఎలాగూ విప్పుతున్నప్పుడు దాని చుట్టూ ఉన్న రబ్బరు పెట్రోల్ పైపులు కూడా మార్చేయడం వివేకం. మళ్లీ వాటి కోసం ఇదంతా విప్పాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ప్రతి పైపు తీసే ముందు ఫోన్‌లో ఫొటో తీయాలి, పైపుకీ అది కూర్చునే మూతికీ ఒకే నంబరు రాసిన టేపు ముక్కలు అంటించాలి. గుర్తుంటుందిలే అన్న నమ్మకం సాయంత్రానికి నిలవదు. ఒకేలా కనిపించే రెండు సన్నటి పైపులు అటూ ఇటూ మారితే, కొత్త ప్యాకింగ్ వేసిన ఇంజన్ పాతదానికంటే అధ్వాన్నంగా నడుస్తుంది.

ఇప్పుడు నట్ల దగ్గరికి వద్దాం. సుజుకి ఇంజన్ల మీద ఇవి సాధారణంగా 12 నంబరు బాక్సుకు వస్తాయి. పైవరుస కంటికి కనిపిస్తుంది. కిందివరుసకు చెయ్యి దూర్చి, వేలి కొసతో తడిమి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ పెట్టి అందుకోవాలి. ముందు రోజు రాత్రే ప్రతి స్టడ్ మొదట్లో తుప్పు వదిలించే నూనె వేసి ఉంచితే సగం గొడవ తగ్గుతుంది. బిగుసుకున్న నట్టును ఒకేసారి విప్పే వైపు గుంజకూడదు. ముందు వెంట్రుకంత బిగించి, అది 'టిక్'మని కదిలాక విప్పడం మొదలుపెట్టాలి, మధ్యలో గట్టిపడితే వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు. ఇనుప స్టడ్, అల్యూమినియం హెడ్ పక్కపక్కన తడిలో ఏళ్ల తరబడి ఉంటే వాటి మధ్య తెల్లటి తుప్పు పుట్టి రెండూ అతుక్కుపోతాయి. స్టడ్ హెడ్‌లో విరిగిందంటే లేత్ షాపు దాకా పోవాలి. అందుకే ఈ ఒక్క దశలో గంట ఆలస్యమైనా నష్టం లేదు. నట్లు వదులు చేసేటప్పుడు చివర్ల నుంచి మధ్యకు రావాలి, అన్నిటినీ కొంచెం కొంచెంగా.

నట్లన్నీ వచ్చేశాయి, మానిఫోల్డ్ మాత్రం కదలదు. చాలా మానిఫోల్డ్‌లు పగిలేది ఇక్కడే. స్క్రూడ్రైవర్ సందులో దూర్చి సుత్తితో కొడతారు. అసలు కారణం చాలాసార్లు కింద ఉంటుంది: మానిఫోల్డ్ బరువు మోయడానికి ఇంజన్ బ్లాకుకు కలిపిన ఒక ఇనుప బ్రాకెట్, దానికో బోల్టు. పైనుంచి అది కనిపించదు. బండిని జాకీ మీద ఎత్తి, స్టాండు పెట్టి, కింద నుంచి టార్చి వేస్తేనే మట్టి, ఆయిల్ పేరుకున్న ఆ బోల్టు తల బయటపడుతుంది. ఇంకొకటి, మానిఫోల్డ్‌కే బిగించిన ఎర్త్ వైర్లు. సుజుకి బళ్లలో ఇంజన్ కంప్యూటర్‌కు పోయే ఎర్త్ ఇక్కడే పడుతుంది. చిన్న బోల్టు కింద ఒక ఐలెట్ (వైరు కొసన ఉండే లోహపు రింగు), అంతే. తిరిగి బిగించేటప్పుడు దాన్ని మర్చిపోతే బండి స్టార్ట్ కాదు, లేదా స్టార్ట్ అయి పిచ్చిపిచ్చిగా నడుస్తుంది. అప్పుడు పంపు మార్చమని ఒకరు, కంప్యూటర్ పోయిందని ఇంకొకరు చెబుతారు. వేల రూపాయల అబద్ధపు రిపేర్లకు మూలం ఒక బిగించని ఐలెట్ కావచ్చు. అది దొరికినప్పుడే గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఫొటో తీసి పెట్టుకోవాలి.

మానిఫోల్డ్ చేతికి రాగానే ముందు చేయాల్సింది హెడ్‌లో తెరిచి ఉన్న రంధ్రాలలో శుభ్రమైన గుడ్డలు కుక్కడం. ఎన్ని గుడ్డలో లెక్క పెట్టుకోవాలి, తీసేటప్పుడు అన్నీ రావాలి. ఒక వాషర్ లోపల పడి, వాల్వు తెరుచుకున్నప్పుడు సిలిండర్‌లోకి జారిందంటే వచ్చిన పని మానిఫోల్డ్ నుంచి పూర్తి ఇంజన్ దాకా పోతుంది. తర్వాత పాత ప్యాకింగ్‌ను పారేయకుండా వెలుతురులో పెట్టి చూడాలి. బాగా నొక్కుకున్న చోట గీత సమానంగా ముద్ర పడి ఉంటుంది. గాలి దూరిన చోట దుమ్ము లోపలికి పాకిన చార కనిపిస్తుంది. కూలెంట్ కారిన చోట తెల్లటి, పచ్చటి మరక. ఇందాక నీళ్లు చిమ్మినప్పుడు ఇంజన్ పలికిన చోటే ఈ చార ఉందా? ఉంటే జబ్బు దొరికినట్టే. లేకపోతే వెతకాల్సింది ఇంకా ఉంది.

ఉపరితలం శుభ్రం చేయడానికి గ్రైండర్‌కు గరుకు బిళ్ల పెట్టి తిప్పడం త్వరగా అవుతుంది, కానీ ఆ పొడి ఇంజన్ లోపలికి చేరితే బేరింగులను తినేస్తుంది. అల్యూమినియం మీద గుంటలు కూడా పడతాయి. ప్లాస్టిక్ గీకుడు పలకతో మెల్లగా గీకడమే మేలు. శుభ్రమయ్యాక నిటారు స్టీలు స్కేలు అడ్డంగా, ఐమూలగా పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి బిళ్లలు) దూర్చి చూడాలి. 0.1 మిల్లీమీటరు బిళ్ల దూరిందంటే చాలా ఇంజన్లకు అది హద్దు. లేత్ షాపులో ఫేసింగ్ (చదును) చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి సిలికాన్ పేస్టు దట్టంగా పూసి బిగించే అలవాటు ఉంది. మామూలు సిలికాన్ పెట్రోల్ ఆవిరికి మెత్తబడుతుంది, ముక్కలై లోపలికి పోతుంది, నీటి రంధ్రంలోనూ అడ్డుపడుతుంది. పైకి నాలుగు నెలలు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఈ అలవాటు చావడం లేదు.

ప్యాకింగ్, ఇంజెక్టర్ ఓ రింగులు, థర్మోస్టాట్, పైపులు తెచ్చిపెట్టుకున్న తర్వాతే బండి విప్పడం మంచిది. ఆగిపోయిన మోడళ్ల సామాన్లు తిరుపతిలో ప్రతిసారీ దొరకవు. దొరకనివి చెన్నై జీపీ రోడ్డులో వెతుకుతారు. పగిలిన మానిఫోల్డ్ బదులు పాతది కావాలంటే చెన్నైలోనే పాత సామాన్ల బజారు పుదుపేట. చిత్తూరు వాళ్లకైతే వేలూరే దగ్గర. పుదుపేటలో కొనేటప్పుడు నీటి రంధ్రాల అంచు చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. అక్కడా ఎవరో బోరు నీళ్లే పోసి ఉంటారు.

బిగింపులో ఇంజెక్టర్ ఓ రింగులకు చుక్క ఇంజన్ ఆయిల్ రాసి, వంకర లేకుండా నేరుగా నొక్కాలి. పొడిగా నొక్కితే రింగు మెలిపడి కొత్త దొంగగాలి, లేదా పెట్రోల్ లీక్. మానిఫోల్డ్ నట్లు ఈసారి మధ్య నుంచి చివర్లకు, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఈ సైజు నట్లకు చాలా అల్యూమినియం మానిఫోల్డ్‌లలో 18 నుంచి 25 న్యూటన్ మీటర్లు పడుతుంది. ఆ కారు మాన్యువల్‌లో ఉన్న అంకే చివరి మాట. ప్లాస్టిక్ మానిఫోల్డ్ అయితే ఇంకా తక్కువ. చేతి అంచనాతో బిగిస్తే దాదాపు ఎప్పుడూ ఎక్కువే అవుతుంది.

ఘాట్ రోడ్డు ఉన్న ఊళ్లో అన్నిటికంటే పట్టించుకోవాల్సింది బ్రేక్ బూస్టర్ పైపు. బ్రేక్ పెడల్‌కు బలం ఇచ్చేది మానిఫోల్డ్‌లోని ఆ వ్యాక్యూమే. తిరుమల నుంచి దిగేది మొదటి ఘాట్ రోడ్డు మీద, మలుపు తర్వాత మలుపు. ఆ పైపు సరిగ్గా కూర్చోకపోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పరీక్ష నిమిషం పని: ఇంజన్ ఆపి ఉండగా పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే ఆ బండి షెడ్డు దాటకూడదు.

పెట్రోల్ వైపు కూడా తొందరపడకూడదు. సెల్ఫ్ కొట్టే ముందు తాళం చెవిని రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపితే పంపు రెయిల్ నింపుతుంది. అప్పుడు ప్రతి జాయింటును టార్చి వేసి, ముక్కుతో వాసన చూసి, తడి లేదని తేలాకే స్టార్ట్ చేయాలి. బ్యాటరీ తీసి పెట్టినందువల్ల ఐడ్లింగ్ మొదట కాసేపు తేడాగా ఉండొచ్చు, కొన్ని నిమిషాల్లో సర్దుకుంటుంది. హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, రేడియేటర్ మూత దగ్గర బుడగలు ఆగేదాకా కూలెంట్ నింపుతూ ఉండాలి. గాలి బుడగ లోపల చిక్కుకున్న బండిని కొండ ఎక్కిస్తే సగం దారిలో ఆవిరి కక్కుతుంది. కాబట్టి మొదటి ట్రయల్ చంద్రగిరి వైపు చదునైన రోడ్డు మీద. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా నడిపి, తిరిగొచ్చి, రాత్రంతా చల్లారాక కూలెంట్ మట్టం చూడాలి. మట్టం దిగిందంటే బుడగ బయటికి వచ్చినట్టు. మళ్లీ నింపి మరో రోజు చూసి, మట్టం అక్కడే నిలిస్తే అప్పుడు అలిపిరి వైపు తిప్పవచ్చు.